అడాప్టర్ మీది గుర్తులు చదవడం ఎలా: ఏది ఎక్కడిది, ఏం చెబుతోంది

ఏ చార్జర్ తిరగేసి చూసినా చీమ తలకాయలంత అక్షరాలు, వాటి మధ్య చిన్నచిన్న బొమ్మలు కనిపిస్తాయి. ఒకదానిలో ఒకటి దూరిన రెండు చదరాలు, ఒక ఇల్లు, చుక్క చుట్టూ ఒక వంపు గీత, కొట్టేసిన చెత్తడబ్బా. ఇవి అలంకారానికి వేసినవి కావు. ఒకే అడాప్టర్ జపాన్‌లోనూ జర్మనీలోనూ గుంటూరులోనూ అమ్ముడవాలంటే ఏ భాషలో రాస్తారు? అందుకే మాటలు మానేసి బొమ్మలు పెట్టారు. విద్యుత్ పరికరాలకు ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఐఈసీ 1906లో ఏర్పడింది. పరికరాల మీద వేసే గుర్తులకు వరస నంబర్లిచ్చి 417 అనే ప్రమాణంగా 1973లో తెచ్చింది. ఇప్పుడు దాని నంబరు 60417. ఇక్కడ చెప్పబోయే గుర్తుల్లో చాలా వరకు ఆ పట్టికలోవే.

చదవడానికి ముందు ఒక చిట్కా. నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగు అక్షరాలు నేరుగా లైటు వేస్తే కనపడవు. ఫోన్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి, ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఆ ఫొటో దాచుకోండి కూడా. నాలుగేళ్లకు ప్రింటు చెరిగిపోయాక కొత్త అడాప్టర్ కొనాలంటే అదే ఆధారం.

మొదటి వరస: ఇన్‌పుట్

గోడ నుంచి ఏం తీసుకోగలదో ఈ వరస చెబుతుంది. "100-240" అంకెల పక్కన పాము మెలికలా ~ గుర్తు ఉంటుంది. అది ఏసీ కరెంటు. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊగే అలనే గుర్తుగా గీశారు. పక్కన "50/60 హెర్ట్జ్" అని ఉంటే మన 50కీ, అమెరికా 60కీ రెండింటికీ పనికొస్తుందని.

అంకెలు రేంజిలో ఉన్నాయా, ఒక్కటే ఉందా అన్నది అసలు చూడాల్సిన సంగతి. అమెరికా నుంచి వచ్చేవాళ్లు తెచ్చే లాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద దాదాపు ఎప్పుడూ 100-240 ఉంటుంది, పిన్ను మార్చే కన్వర్టర్ చాలు. బ్లెండర్, హెయిర్ స్ట్రెయిటనర్, రైస్ కుక్కర్ మీద మాత్రం తరచూ ఒక్క 120 వోల్టులే రాసి ఉంటుంది. దాన్ని మన 230లో పెడితే, వేడి చేసే కాయిల్ దాని లెక్కకు సుమారు 3.7 రెట్ల పవర్ లాగుతుంది. వోల్టేజి రెండింతలకు దగ్గరైతే వేడి నాలుగింతలకు దగ్గరవుతుంది మరి. క్షణాల్లో కాలిపోతుంది. పిన్ను కన్వర్టర్ ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజి మార్చదు. అలాంటి వస్తువు వాడి తీరాలంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, వస్తువు వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉన్నది. 700 వాట్ల బ్లెండర్‌కు 1050 వీఏ (వోల్ట్ ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) పైన చూడండి.

ఇక్కణ్నుంచి అక్కడికి తీసుకెళ్లేవాళ్లకూ ఇదే చిక్కు తలకిందులుగా వస్తుంది. 230 వోల్టుల వెట్ గ్రైండర్‌ను 120లో పెడితే మోటారు గుయ్యిమంటుంది కానీ రాయి తిరగదు, అలాగే వదిలేస్తే వైండింగ్ మాడుతుంది. స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇంకొకటి మిగిలే ఉంటుంది: గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు, దాని వేగం హెర్ట్జ్ మీద నడుస్తుంది. కాబట్టి 60 హెర్ట్జ్‌లో దాదాపు 20 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మిక్సీలో ఉండే బ్రష్షుల మోటారుకు ఈ తేడా లేదు, వోల్టేజి సరిపెడితే చాలు.

రెండో వరస: అవుట్‌పుట్

ఇక్కడ గుర్తు మారుతుంది. పైన ఒక నిండు గీత, దాని కింద మూడు చిన్న ముక్కల గీత. ఇది డీసీ, ఒకే దిక్కున పారే కరెంటు. ఊగడం లేదు కాబట్టి గీత తిన్నగా ఉంది. రెండు నిండు గీతలు పెడితే సమానం గుర్తనుకుంటారు, ఒక్క గీత పెడితే మైనస్ అనుకుంటారు. కింది గీతను ముక్కలు చేస్తే ఆ రెండు గందరగోళాలూ లేవు.

అవుట్‌పుట్ వరసలో కూడా ~ ఉండే అడాప్టర్లు కొన్ని ఉన్నాయి, కొన్ని పాత మోడెములకూ కాలింగ్ బెల్లులకూ వచ్చేవి. పిన్ను సరిగ్గా సరిపోతుంది, అంకె కూడా 9 వోల్టులే. కానీ అది ఏసీ. దాన్ని డీసీ అడిగే వస్తువుకు పెడితే లోపలి బోర్డు పోతుంది. పాత అడాప్టర్ల డబ్బాలో చెయ్యిపెట్టి "పిన్ను దూరింది కదా" అని తగిలించే ముందు ఈ ఒక్క గుర్తు చూసుకోండి.

ఫోన్ చార్జర్ మీద మూడు నాలుగు జతలు రాసి ఉంటాయి: 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 2.22 ఆంపియర్లు, 12 వోల్టులు 1.67 ఆంపియర్లు. ఏ జత గుణించి చూసినా సుమారు 20 వాట్లకు మించదు, కాబట్టి ఇది 20 వాట్ల చార్జర్. ఇలాంటిది మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోన్, చార్జర్ తమలో తాము మాట్లాడుకున్నాకే పైకి వెళ్తుంది. అందుకే 65 వాట్ల చార్జర్‌కు మామూలు ఫోన్ పెట్టినా ఫోన్ కాలిపోదు, తనకు కావలసినంతే అడిగి తీసుకుంటుంది.

రౌటర్, సెట్‌టాప్ బాక్స్, సీసీ కెమెరాలకుండే గుండ్రటి జాక్‌లో అలాంటి మాటామంతీ ఏమీ లేదు. అడాప్టర్ ఏది ఇస్తే అది నేరుగా బోర్డుకు పోతుంది. అక్కడ నియమం రెండు ముక్కలు: వోల్టులు సరిగ్గా సమానం కావాలి, ఆంపియర్లు సమానం గానీ ఎక్కువ గానీ ఉండాలి. 12 వోల్టులు 1 ఆంపియర్ అడిగే రౌటర్‌కు 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ నిక్షేపంగా పెట్టొచ్చు. అదే 12 వోల్టులు 0.5 ఆంపియర్‌ది పెడితే లైట్లు వెలుగుతాయి, నలుగురు వైఫై వాడటం మొదలెట్టగానే రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. నెట్ కంపెనీకి ఫిర్యాదు చేసేముందు ఒకసారి అడాప్టర్ తిరగేయండి.

చుక్క, వంపు గీత: ప్లస్ ఎక్కడ, మైనస్ ఎక్కడ

గుండ్రటి జాక్‌ను ఎదురుగా పెట్టి చూస్తే ఏం కనిపిస్తుందో ఈ గుర్తు అచ్చం అదే. మధ్య చుక్క లోపలి రంధ్రం, చుట్టూ ఉన్న వంపు గీత బయటి రేకు. చుక్కకు కలిపిన గీత చివర ప్లస్ ఉంటే లోపల ప్లస్, మైనస్ ఉంటే లోపల మైనస్. మన ఇళ్లలో వాడే రౌటర్లు, కెమెరాల్లో లోపల ప్లస్ ఉండటమే రివాజు. గిటార్ పెడళ్లలో మాత్రం లోపల మైనస్ ఎక్కువ, అందుకే సంగీతం వాయించేవాళ్లు ఇంట్లో ఉంటే అడాప్టర్లు కలవకుండా చూసుకోవాలి.

ఉల్టా తగిలిస్తే ఏమవుతుంది? మంచి బోర్డులో రక్షణ డయోడ్ ఉంటుంది, అది అడ్డుపడి వస్తువు వెలగదు, అంతే. చవక బోర్డులో డయోడ్ ఉండదు, చిన్న వాసన వచ్చి ఊరుకుంటుంది.

కరెంటు పోయినప్పుడు రౌటర్ నడవడానికి మినీ యూపీఎస్ కొనేవాళ్లు ఈ గుర్తును మూడు చోట్ల పోల్చాలి: పాత అడాప్టర్ మీద, యూపీఎస్ మీద, రౌటర్ అడుగున. మూడూ ఒకటైతేనే తగిలించండి. గుర్తు చెరిగిపోతే మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు:

1. మీటరు ముల్లును వి అక్షరం పక్కన నిండు గీత, ముక్కల గీత ఉన్న భాగంలో 20 దగ్గర పెట్టండి. ~ ఉన్న భాగంలో కాదు.
2. అడాప్టర్‌ను గోడకు పెట్టి, జాక్‌ను ఏ వస్తువుకూ తగిలించకుండా వదిలేయండి.
3. ఎర్ర ప్రోబ్ మొనను జాక్ లోపలి రంధ్రంలోకి, నల్లదాన్ని బయటి రేకుకు ఆనించండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలనివ్వకండి.
4. 12.1 లాంటి అంకె మైనస్ లేకుండా వస్తే లోపల ప్లస్. ముందు మైనస్ కనిపిస్తే లోపల మైనస్.

12 అని రాసి ఉన్నా మీటరు 16, 17 చూపిస్తే అది లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలం బరువైన అడాప్టర్ కావచ్చు. లోడు పడితే దిగుతుంది కానీ ఇప్పటి రౌటర్‌కు దాన్ని పెట్టవద్దు.

జాక్ కొలత కూడా ఒక ఉచ్చే. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే, లోపలి రంధ్రం 2.1 ఉండేవి, 2.5 ఉండేవి రెండూ దొరుకుతాయి. 2.1 పిన్నుకు 2.5 జాక్ దూరుతుంది గానీ వదులుగా ఉండి, వైరు కదిలినప్పుడల్లా కరెంటు తెగి కలుస్తుంటుంది. అటునుంచి ఇటైతే అసలు దూరదు.

రెండు చదరాలు, ఎర్తింగ్ గీతలు

ఒక చదరంలో ఇంకో చదరం ఉంటే రెండు పొరల ఇన్సులేషన్ అని అర్థం. లోపలి చదరం మొదటి పొర, బయటిది రెండోది. ఒకటి పాడైనా రెండోది కాపాడుతుంది కాబట్టి ఎర్తింగ్ అవసరం లేదు, ప్లగ్గుకు రెండే పిన్నులుంటాయి. ఈ గుర్తు లేకుండా, నిలువు గీత కింద పొట్టి అవుతూ పోయే మూడు అడ్డగీతలుంటే అది ఎర్తింగ్ మీద ఆధారపడ్డ వస్తువు. ఆ గుర్తు వలయంలో ఉంటే, రక్షణ కోసమే ఉన్న ఎర్తింగ్ అదని చెప్పడం.

మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తింగ్ పిన్ను మిగతా రెండింటికంటే లావు, పొడవు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నింటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి అని అలా చేశారు. సాకెట్‌లో చోటు లేదని ఆ పిన్ను కోసేయడం, రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టడం అంటే ఆ ఏర్పాటును మొత్తం తీసేయడమే. ఫ్రిజ్, కంప్యూటర్, గీజర్ విషయంలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

రెండు చదరాల చార్జర్‌తో చార్జ్ అవుతున్న మెటల్ బాడీ లాప్‌టాప్‌ను, చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి తాకితే వేళ్లకు సన్నగా జివ్వుమంటుంది. చాలామంది షాక్ అని భయపడతారు. చార్జర్ లోపల రేడియో గోల తగ్గించడానికి వై కెపాసిటర్ అని ఒకటి ఉంటుంది, దాని గుండా అతి కొద్ది కరెంటు ఇటు వస్తుంది. ప్రమాణం ప్రకారం అది పావు మిల్లీ ఆంపియర్ దాటకూడదు. టెస్టర్ పెడితే బల్బు మసగ్గా వెలుగుతుంది కూడా. మూడు పిన్నుల వైరున్న చార్జర్ వాడి, గోడలో ఎర్తింగ్ సరిగా ఉంటే ఈ జివ్వుమనడం పోతుంది. చెయ్యి విదిలించుకునేంత దెబ్బ తగిలితే మాత్రం అది వేరే సంగతి: చార్జర్ పగిలిందో, నకిలీదో. వెంటనే తీసి పారేయండి.

మిగతా చిన్న గుర్తులు

ఇల్లు బొమ్మ అంటే ఇంటి లోపలే వాడాలి. సీసీ కెమెరా వానకు తట్టుకునేదే కావచ్చు, దానితో వచ్చిన అడాప్టర్ మీద ఇల్లు ఉంటే దాన్ని గేటు పక్కన సన్‌షేడ్ కింద వేలాడదీయకూడదు. కెమెరాలు పోతున్నాయని చెప్పే చాలా ఇళ్లలో నిజానికి పోయేది ఈ అడాప్టరే. దాన్ని ఇంట్లోనో, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలోనో పెట్టి డీసీ వైరును బయటికి లాగాలి.

చిన్న వలయంలో రోమన్ అంకె 5, 6 కనిపిస్తే అది పొదుపు స్థాయి. అమెరికాలో 2016 ఫిబ్రవరి నుంచి 6 తప్పనిసరి అయింది. ఆ మార్కున్న ఫోన్ చార్జర్‌ను ఫోన్ తీసేసి సాకెట్‌లో అలాగే వదిలేసినా 0.1 వాట్ దాటకూడదు. ఏడాదంతా అలా ఉంచినా ఒక యూనిట్ కూడా కాలదు. కరెంటు బిల్లు భయంతో చార్జర్ పీకేవాళ్లు ముందు సెట్‌టాప్ బాక్స్ సంగతి చూడాలి, అది కింద వస్తుంది.

సీఈ అక్షరాలు ఐరోపా నిబంధనలకు లోబడి చేశామని తయారీదారు చెప్పుకునే మాట. చాలా సరుకుల విషయంలో ఆ ముద్ర కంపెనీయే వేసుకుంటుంది, బయటివాళ్లు పరీక్షించి ఇచ్చేది కాదు. అక్షరాల మధ్య దూరం తక్కువైతే "చైనా ఎక్స్‌పోర్ట్" అని వాట్సాప్‌లో తిరిగేది కట్టుకథ. అలాంటి గుర్తు ఏదీ లేదు, అది తప్పుగా అచ్చువేసిన సీఈ మాత్రమే. ఏదేమైనా మన దేశంలో కొనేటప్పుడు వెతకాల్సింది సీఈ కాదు, మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర. కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఐటీ పరికరాల అడాప్టర్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ముద్ర పైన సాధారణంగా ఐఎస్ 13252 అని, కింద ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు, వస్తువు రకం, బ్రాండు కనిపిస్తాయి. తయారీదారు పేరు బ్రాండు పేరు కాకపోతే కంగారు పడకండి, రిజిస్ట్రేషన్ ఫ్యాక్టరీకి ఇస్తారు. అడాప్టర్ నంబరు కొడితే బల్బో పవర్ బ్యాంకో వస్తే మాత్రం ఆ ముద్ర ఎక్కణ్నుంచో ఎత్తుకొచ్చిందే.

కొట్టేసిన చెత్తడబ్బా, మామూలు చెత్తలో వేయవద్దని. ఐరోపాలో మొదలైంది. కింద మందపాటి పట్టీ ఉంటే 2005 ఆగస్టు 13 తర్వాత అక్కడి మార్కెట్‌లోకి వచ్చిన సరుకని అర్థం.

స్విచ్చి మీది గీత, సున్నా

గీత అంటే ఆన్, సున్నా అంటే ఆఫ్. బైనరీ లెక్కలోని 1, 0 నుంచి వచ్చాయని చెబుతారు. రెండూ చెరో వైపు ఉన్న స్విచ్చి, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా ఎస్ఎంపీఎస్ వెనక ఉండే లాంటిది, సున్నా వైపు నొక్కితే కరెంటు నిజంగా తెగుతుంది. మూసిన వలయంలో గీత ఉంటే ఒకే బటన్‌తో ఆన్, ఆఫ్ రెండూ, ఇక్కడా ఆఫ్ అంటే ఆఫే.

పైన తెరుచుకున్న వలయం, ఆ సందులోంచి బయటికి వచ్చిన గీత ఉందే, అందరికీ బాగా తెలిసిన గుర్తు, దాని కథ వేరు. ఐఈసీ పట్టికలో దాని అర్థం స్టాండ్‌బై, పూర్తిగా ఆగలేదని. అయితే జనం దాన్ని పవర్ బటన్‌గానే చూస్తున్నారని గమనించి, 2004లో ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ తెచ్చిన 1621 అనే ప్రమాణం దాన్ని "పవర్"కే ఖాయం చేసి, నిద్రకు నెలవంకను ఇచ్చింది. 2016లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. రెండు అర్థాలూ ఇప్పటికీ చెలామణిలో ఉన్నాయి కాబట్టి, వస్తువు విప్పే ముందు ఈ గుర్తున్న బటన్‌ను నమ్మవద్దు. ప్లగ్గు పీకి, కంప్యూటరైతే పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కిపట్టి, మిగిలిన చార్జి పోయాకే మూత తీయండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం అప్పుడు కూడా విప్పొద్దు.

స్టాండ్‌బైలో ఉన్న వస్తువు 10 వాట్లు లాగుతుంటే ఏడాదికి 87.6 యూనిట్లు. రిమోట్‌తో ఆపిన పాత సెట్‌టాప్ బాక్సుల వ్యవహారం ఇలాగే ఉంటుంది, గోడ దగ్గర ఆపితేనే ఆగినట్టు.

పాత ఎస్ఎంపీఎస్ వెనక 115, 230 అని రాసిన ఎర్ర స్లైడు స్విచ్చి కూడా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొంటే మొదట అది చూడండి. 115 వైపు ఉండగా మన కరెంటు ఇస్తే, 200 వోల్టులకు చేసిన కెపాసిటర్ల మీద ఒక్కోదానికి 325 వోల్టుల దాకా పడతాయి. టపాసులా పేలుతుంది.

పోర్టుల దగ్గర

యూఎస్‌బీ గుర్తు త్రిశూలం. 1996లో మొదటి ప్రమాణం వచ్చినప్పటి నుంచీ ఉంది. మూడు కొనలకు బాణం, చదరం, వలయం వేరువేరుగా ఉండటానికి కారణం, ఒకే తీగతో రకరకాల పరికరాలు కలుస్తాయని చెప్పడం. పాత వెడల్పాటి ప్లగ్గు మీద త్రిశూలం ఉన్న వైపు పైకి రావాలని నియమం, అడ్డంగా ఉన్న పోర్టులో అలా పెడితే మొదటిసారే దూరుతుంది. పక్కన ఎస్ఎస్ అని ఉంటే కనీసం 5 గిగాబిట్ల వేగం. పెన్‌డ్రైవ్ కాపీ నత్తనడక నడుస్తుంటే అది లేని పోర్టులో పెట్టి ఉంటారు.

మెరుపు గుర్తులు రెండు రకాలు, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పోర్టు పక్కన బ్యాటరీ బొమ్మో, మామూలు మెరుపో ఉంటే లాప్‌టాప్ నిద్రలో ఉన్నా ఆ పోర్టు ఫోన్‌ను చార్జ్ చేస్తుంది. కింది కొన బాణం మొనలా ఉన్న మెరుపైతే అది థండర్‌బోల్ట్: 3, 4 వెర్షన్లలో 40 గిగాబిట్లు, మానిటరు కూడా దాని నుంచే. డి, పి అక్షరాలు కలిపిన గుర్తుంటే మానిటరుకు బొమ్మ పంపగల టైప్-సి. ఏ గుర్తూ లేని టైప్-సి పోర్టు కొన్ని లాప్‌టాప్‌లలో డేటాకు మాత్రమే, దాని గుండా లాప్‌టాప్ చార్జ్ అవుతుందని అనుకుని చార్జర్ కొనకండి.

బ్లూటూత్ గుర్తు మాత్రం వీటిలో వేటికీ చుట్టం కాదు. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరులోని రెండు మొదటి అక్షరాలను, పాత రూన్ లిపిలోని హగల్, బ్యార్కన్‌లను ఒకదాని మీద ఒకటి వేసి గీశారు. 1997లో ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ తాత్కాలికంగా సూచించిన పేరది, అదే నిలిచిపోయింది.

చివరగా కేబుల్. రెండు వైపులా టైప్-సి ఉన్న కొత్త కేబుళ్ల మీద 60 వాట్లు, 240 వాట్లు అని గుర్తు వేస్తున్నారు. 60 అంటే 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు. 240 అంటే 48 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు, ఇందులో తన సామర్థ్యం చెప్పుకునే చిప్పు ఉంటుంది. 100 వాట్ల చార్జర్ కొని 60 వాట్ల కేబుల్ పెడితే లాప్‌టాప్ 60 దగ్గరే ఆగిపోతుంది, కాలిపోవడమేమీ ఉండదు. మీద ఏ అంకే లేని కేబుల్ అయితే 60 వాట్లదనే లెక్కలో వాడండి.